చేతులు కనబడేలా కూర్చో

రాయపూర్, భన్‌పురి
2016 అక్టోబరు

సాయీ,

కుశల ప్రశ్నలన్నీ తర్వాత. ముందు ఇది చదువు. నిన్న నేను ఫోనులో మాట్లాడాను.

నాలుగో ఏట జ్వరంతో చెవులు పోగొట్టుకున్న కల్యాణికి ఫోనేమిటని నువ్వు కళ్ళు పెద్దవి చేస్తావని తెలుసు. చేతులతో మాట్లాడాను. అవతలి మనిషి కూడా చేతులతోనే బదులిచ్చింది. నేనిక్కడ కిటికీ దగ్గర కూర్చున్నాను, ఆమె తన వంటింట్లో నిలబడింది. మధ్యలో సగం ఊరు ఉంది. అయినా హాస్టల్లో నీ మంచం మీద నువ్వూ నా మంచం మీద నేనూ కూర్చుని మాట్లాడుకున్నట్టే ఉంది.

ఎలా జరిగిందంటే, రాజేష్ అన్నయ్య కొత్త ఫోను కొనుక్కుని తన పాతది నాకిచ్చాడు. ఇప్పుడందరూ ఎగబడి తీసుకుంటున్న కొత్త సిమ్ అందులో వేశాడు. నెట్ ఉచితం. "సినిమాలు సూసుకో" అన్నాడు. నేనూ అంతకుమించి ఏముంటుందనుకున్నాను. మొన్న శంకర్ నగర్‌లో మా స్టూడియో మెట్లు దిగుతుంటే, ఎదురుగా పాన్ దుకాణం పక్కన ఒకమ్మాయి ఫోనును స్కూటర్ అద్దానికి ఆనించి దానికేసి సైగలు చేస్తోంది. నడిరోడ్డు మీద సాయీ. చుట్టూ జనం. ఎవరు చూస్తున్నారోనన్న బెదురే లేదు. చేతిలో పెళ్ళి ఆల్బమ్‌లున్నాయని కూడా మరిచిపోయి పరుగెత్తాను.

ఆమె పేరు భావన. మనలాగే చెవులు వినపడవు. తెలీబంధాలో బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. ఆమెవి ఇటువైపు సైగలు, నావి మన విశాఖ బడి సైగలు. వారాలు, రంగులు, చుట్టరికాలు ఒక్కటీ కలవలేదు. కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, తర్వాత నవ్వుకున్నాం, ఆ తర్వాత ఇక ఆగలేదు. వాళ్ళకి వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. అక్కడ ఎవరూ టైపు చెయ్యరు, అన్నీ వీడియోలే. నన్ను చేర్చుకుంటూ భావన ఒక్కటే నియమం చెప్పింది. మొహం ఎలా ఉందో చూసుకోకు, చేతులు కనబడేలా కూర్చో అంది.

ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో నాకు అర్థమయ్యేవి ఇంట్లోవాళ్ళ పెదాలే. బజారులో అందరి పెదాలూ హిందీలో కదులుతాయి, ఒక్క ముక్క అందదు. ఇంట్లో అమ్మ పెదాలు, నాన్న పెదాలు చూసి వచ్చీరాని గొంతుతో బదులు చెప్పి నెట్టుకొస్తున్నాను. ఇదే ఊళ్ళో ఇంతమంది మనవాళ్ళున్నారని ఎవరైనా చెబితేగా.

మీ ఆయన రఘు గారితో చెప్పి నువ్వూ కెమెరా ఉన్న ఫోను కొనిపించుకో. భావన నంబరు కింద రాస్తున్నాను. నిన్ను చూసి ఎన్నేళ్ళయిందో. త్వరగా.

నీ
కల్యాణి

*

విజయనగరం
2016 నవంబరు

కల్యాణీ,

నీ ఉత్తరం వచ్చిన వెంటనే ఒకసారి చదివాను. మా ఆయన ఆటో తీసుకుని వెళ్ళాక తీరిగ్గా మళ్ళీ చదివాను. పాన్ దుకాణం వైపు పరుగెత్తే నిన్ను ఊహించుకుని నవ్వుకున్నాను. ఆల్బమ్‌లు కింద పడేశావో లేదో మాత్రం రాయలేదు.

భావన ఎలా ఉంటుంది? సైగలు పొదుపుగా చేస్తుందా, గాలంతా ఊడ్చినట్టు చేస్తుందా? వాళ్ళ సైగల్లో 'అమ్మ' ఎలా? 'అలక' ఎలా? నిన్ను పిలవడానికి ఏం సైగపేరు పెట్టారు? మన బడిలో సైగ చేస్తే నోరు తిరగదని చేతులు తొడల కింద పెట్టించేవాళ్ళు. హాస్టల్ తలుపు వేశాకే మనకి మాటలు. అలాంటిది రోడ్డు మీద సైగలు చేస్తుంటే ఎవరూ ఏమీ అనలేదా? నిలబడి చూడలేదా? అన్నీ అడగాలని ఉంది.

ఫోను సంగతి. మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను, కెమెరా లేదు. మాకు అది చాలు. నాకు ఉత్తరమే బాగుంటుంది. బడి వదిలేరోజు సుభద్ర టీచరు మనిద్దరికీ చెప్పింది కదా, రాసుకుంటూ ఉండకపోతే తెలుగు చేజారిపోతుందని.

మిల్లుకి వెళ్ళడం మానేశాను. ఇంట్లో పనే సరిపోతోంది. రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, కూర్చునే చోటు సరిగా లేదు.

నువ్వు మాత్రం అన్నీ రాయి. ఏదీ వదలకు.

సాయిలక్ష్మి

*

రాయపూర్
2017 జనవరి

సాయీ,

అన్నీ రాయమన్నావు, అన్నీ రాస్తే పుస్తకమవుతుంది.

ఆదివారం సాయంత్రాలు మేం తెలీబంధా చెరువు గట్టున కలుస్తున్నాం. ఇప్పుడక్కడ మెరీన్ డ్రైవ్ అని బల్లలు, దీపాలు పెట్టి ముస్తాబు చేశారు. ఫోనులో చూసిన చేతుల్నే అక్కడ చూడటం ఎంత వింతగా ఉందో తెలుసా? ఫోనులో అరచేతంత ఉన్నవాళ్ళు ఒక్కసారిగా పెద్దవాళ్ళయిపోయారు. పొద్దువాలాక మాటలు కనబడవు గనుక అందరం దీపస్తంభం కిందికి జరుగుతాం. ఐస్‌క్రీమ్ బండతను కూడా మాతోబాటే జరుగుతాడు.

పున్నయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, మన శ్రీకాకుళం వైపు మనిషి. పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఆయన భార్యా మనలాంటిదే. ఆవిడ పోయాక ఇంట్లో ఆయనతో మాట్లాడే చేతుల్లేవు. కోడలు ఫోను కొనిచ్చి గ్రూపులో చేర్చింది. మొదటిరోజు ఏమన్నారో తెలుసా? "నా మాటలు నాకే మరుపొస్తున్నాయి, అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాను" అన్నారు. ఇప్పుడాయన్ని ఆపడం మావల్ల కావడంలేదు.

నేనూ ఒక వీడియో పెట్టాను. కూరగాయలతనికి నాకు వినపడదని చెవి చూపిస్తే, అతను నా చెవి దగ్గరికొచ్చి అరవడం, నేను మళ్ళీ చూపిస్తే పక్క బండివాడిని కూడా పిలిచి ఇద్దరూ కలిసి అరవడం, మొత్తం కథలా చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. దుర్గ్ దాకా, బిలాస్‌పూర్ దాకా వెళ్ళిందట.

గ్రూపు కూడా మారిపోతోంది. మొదట్లో తెరిస్తే చేతులే కనబడేవి. ఇప్పుడు పొద్దున్నే గులాబీలు, దేవుడి బొమ్మలు, ఎవరో పంపిన వంటలు. సైగలు నేర్చుకుంటామని వినేవాళ్ళూ చేరుతున్నారు. అందులో కొందరు నిజంగా నేర్చుకుంటారు, కొందరు చూసి పోతారు. ఎవరిని ఉంచాలి, ఎవరిని తియ్యాలి అని రోజూ ఒక తగువు. బొమ్మలు వద్దని భావన మొత్తుకుంటుంది. పున్నయ్య గారికేమో గులాబీలంటే ఇష్టం.

ఇదంతా నీకు దక్కాల్సింది సాయీ. హాస్టల్లో నువ్వు కథ చెబుతుంటే, భోజనానికి రమ్మని లైటు ఆర్పి వెలిగించినా ఒక్కరూ లేచేవాళ్ళు కాదు. నువ్వొస్తే నా కూరగాయల కథ ఎవరు చూస్తారు? ఫోను కొనుక్కోమంటే బటన్ల ఫోను చాలంటావు, ఉత్తరమే బాగుంటుందంటావు. నన్ను చూడాలని నీకు లేదా?

కల్యాణి

*

విజయనగరం
2017 ఫిబ్రవరి

కల్యాణీ,

చూడాలని లేదని నేనెప్పుడన్నాను?

మీ గ్రూపులో సంక్రాంతి ముందు చేరిన నంబరు ఒకటుంది. పేరు లేదు, బొమ్మ లేదు, ఒక్క వీడియో పెట్టలేదు. అది తీసెయ్యాలని ఎవరో ఒకసారి అన్నారు కూడా. అది మా ఆయన నంబరు. ఫోను కొన్నాం. భావనకి నేనే వచ్చీరాని ఇంగ్లీషులో రాసి చేర్చమన్నాను, నీకు చెప్పొద్దని కూడా రాశాను.

కూరగాయల కథ చూశాను. రెండో బండివాడు వచ్చి నోరు తెరిచే చోట నీ బుగ్గలు చూసి నవ్వలేక చచ్చాను. పున్నయ్య గారి గులాబీలూ చూస్తున్నాను. ఆయన ఎర్రవి పెట్టినరోజు హుషారుగా ఉంటారు, పసుపువి పెట్టినరోజు కోడలితో మాటా మాటా అయినట్టు. గమనించావా?

చూడటం వేరు, కనబడటం వేరు. నన్ను పిలవకు. మనం ఇలాగే బాగున్నాం.

సాయి

*

రాయపూర్
2017 మార్చి

సాయీ,

ఈ ఉత్తరం చేరేసరికి నేను గ్రూపులో ఉండను. ఫోను అన్నయ్య దగ్గరుంది.

నా కూరగాయల వీడియో ఎవరి ద్వారానో ఇక్కడి తెలుగువాళ్ళ పెద్ద గ్రూపులో పడింది. పెళ్ళిసంబంధాలు, రక్తం కావాలనేవి, వినాయకచవితి చందాలు, అన్నీ వచ్చే గ్రూపు అది. అందులో ఎవరో "మూగదానికి ఇన్ని కబుర్లా" అని రాశారు. కింద నవ్వే మొహాలు వరసగా పెట్టారు. వాళ్ళలో మా వీధివాళ్ళు కూడా ఉన్నారు.

అన్నయ్య పని మధ్యలో ఇంటికొచ్చేశాడు. నన్ను కూర్చోబెట్టి, నాకు తెలియాలని నిదానంగా అన్నాడు. "అరే, అందరూ సూస్తన్నారు కల్యాణీ. ఎవడెవడో ఏటేటో రాస్తన్నాడు. నిన్నెవరేనా అంటే నాకు బర్దాష్త్ అవదు, ఓర్సుకోనేను. ఇంక బంద్ చెయ్." కోపంగా ఉన్నాడనుకున్నాను. కళ్ళు తడిగా ఉన్నాయి. నాన్న అయితే నావైపు చూడకుండా, "ఆడపిల్ల మొకం ఊరి మీద తిరగడమేటి" అన్నాడు. అటు తిరిగి అన్నా నాకు కనబడింది. చెరువు గట్టుకి కూడా వెళ్ళొద్దన్నారు.

నాకు వాళ్ళ మీద కోపం రావడంలేదు. అదే బాధ. ఇంతకుముందు నేనెవరికీ తెలియదు, ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్ళూ గ్రూపంటే మన హాస్టల్ గది అనుకున్నాను. దానికి తలుపు లేదని ఇప్పుడు తెలిసింది. స్టూడియోలో ఎవరి ఫోనైనా అడిగి భావనతో మాట్లాడొచ్చు, అడగలేదు. పెళ్ళికూతుళ్ళ ఫోటోలు సర్దుకుంటూ కూర్చుంటున్నాను.

నువ్వే నయం. ముందే తెలిసినట్టు కనబడకుండా ఉన్నావు.

కల్యాణి

*

విజయనగరం
2017 మార్చి

కల్యాణీ,

నీ చివరి వాక్యం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నా కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. కిందటి ఎండాకాలం మిల్లులో యంత్రం లాగేసింది. అప్పటి నుంచి నీకు వచ్చిన ప్రతి ఉత్తరమూ ఎడమచేత్తో రాసిందే. కూర్చునే చోటు బాగానే ఉంది.

గాయం మానాక డాక్టరు మా ఆయనతో అన్నాడట, ఏ పనీ ఆగదు, కత్తిపీట పట్టుకోవచ్చు, బిందె ఎత్తుకోవచ్చు, అలవాటైతే ఎడమచేత్తో రాసుకోవచ్చు అని. నేనెలా మాట్లాడతానని డాక్టరు అడగలేదు. మా ఆయనకీ తట్టలేదు. 'నేను' అనాలంటే ఏ వేలు గుండెకి ఆనిస్తాం? 'నువ్వు' అనాలంటే ఏ వేలు చాపుతాం? హాస్టల్లో నా చేతులు కథ చెబుతుంటే లైటు ఆర్పి వెలిగించినా ఒక్కరూ లేచేవాళ్ళు కాదని నువ్వే రాశావు. ఆ చేతులతో ఇప్పుడు నత్తినత్తిగా మాట్లాడుతుంటే, నువ్వు ఓపిగ్గా చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంట్లోనూ మానేశాను. తల ఊపితే చాలు, రోజు గడిచిపోతోంది.

ఇక మీ గ్రూపు. పనయ్యాక గోడకి ఆనుకుని ఫోను తెరుస్తాను. అది నవ్వేవాళ్ళ చోటు కాదు నాకు. ఈ తొమ్మిదినెలల్లో నాకు అర్థమయ్యే మాటలు వచ్చింది అక్కడి నుంచే. నీ కూరగాయల కథ చూసి నవ్విన రోజున మా ఆయన స్నానాలగది నుంచి పరుగెత్తుకొచ్చాడు, ఏమైందోనని. నేను నవ్వి అంతకాలమయింది.

ఆ గ్రూపులో నువ్వే ఉండకపోతే నేనెవరిని చూడాలి?

ఒక్క పనికిమాలిన మాట రాసినవాడి కోసం నువ్వు వెళ్ళిపోతే, కనబడకుండా ఉండటమే నయమని నాకు చెప్పినట్టవుతుంది. అది నయం కాదు కల్యాణీ. నేను ఉండి చూశాను.

నేనేదో ఒకటి చెయ్యాలి. ఏం చేస్తానో ఇంకా తెలియదు.

సాయిలక్ష్మి

*

రాయపూర్
2017 ఏప్రిల్

సాయీ, సాయీ,

నీ ఉత్తరం ఈరోజే వచ్చింది. నీ వీడియో దానికంటే ముందే వచ్చింది. నాకు కాదు, అన్నయ్యకి. అవసరమొస్తే చెప్పడానికని ఎప్పుడో ఇచ్చిన నంబరు రఘు గారి దగ్గర ఉందన్నమాట.

కిందటి వారం ఒక సాయంత్రం టీ తాగుతున్నాం. అన్నయ్య ఫోను చూసుకుంటూ నా ముందుకొచ్చి తెర నావైపు తిప్పాడు. "మీ బడి ఫ్రెండ్ అట. నాకే పంపించింది. ఏటంటంది?" అన్నాడు. సైగలు చూపించి ఏమంటోందని మా ఇంట్లో నన్నెవరైనా అడగడం అదే మొదలు.

నిన్ను చూశాను. ముందు నీ మొహమే చూశాను, చిక్కిపోయావు. తర్వాత నువ్వు చెయ్యి ఎత్తావు. నా చేతిలో గ్లాసు అమ్మ తీసుకుంది, ఎప్పుడు తీసుకుందో తెలియదు.

అన్నయ్య భుజం తట్టి మళ్ళీ అడిగాడు. నా గొంతు నాకిష్టం లేదని నీకు తెలుసు. అయినా ఒక్కో మాటా పైకి చెప్పాను. "నేను కల్యాణి స్నేహితురాలిని. ఈ వేళ్ళు పోయాక నేనెవరితోనూ మాట్లాడలేదు. మీతోనే మొదలు. సరిగా రాకపోతే క్షమించండి. మీ చెల్లెల్ని చూసి ఎవరో నవ్వారని మీకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. కానీ ఆమెని చూసి నేను బతికాను. ఆ ఫోను ఆమెకి తిరిగి ఇవ్వండి." నువ్వు అక్కడ ఆపేశావు. నేనూ ఆపేశాను.

అన్నయ్య వీడియో మళ్ళీ పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ చిటికినవేలు గుండెకి పెట్టుకుంది. అంటే?" అన్నాడు. 'నేను' అని చెప్పాను. అందరం చూపుడువేలితో అంటామని చూపించాను. ఏం తోచిందో, అన్నయ్య తన చూపుడువేలు గుండెకి ఆనించుకుని చూసుకున్నాడు.

నాన్న లేచొచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. భన్‌పురిలో ఇనుప మిల్లులోనే ఆయన వయసంతా గడిచింది కదా. "మా దగ్గర ఇలాటి సేతులు శానా సూసాను. అందరూ లుంగీ మడతలో దాసుకుంటారు. ఇలా ఎత్తి సూపించినోడు ఒక్కడూ లేడు" అన్నాడు. తర్వాత అన్నయ్యవైపు తిరిగి, "ఇచ్చీరా" అన్నాడు. అంతే.

ఫోను నా చేతిలో ఉంది. ఆ పెద్ద గ్రూపులో అన్నయ్య హిందీలో ఏదో రాసి బయటికొచ్చేశాడట, ఏం రాశాడో చెప్పడు. మొన్న ఆదివారం వాళ్ళిద్దరూ చెరువు గట్టుకి నాతో వచ్చారు. నాన్న వేరుశనక్కాయల బండి దగ్గరే నిలబడిపోయాడు. పున్నయ్య గారు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని మా మధ్యలో కూర్చోబెట్టారు. ఇద్దరూ ఒకరికొకరు ఒక్క ముక్క అర్థంకాకుండానే పొట్లమంతా ఖాళీ చేశారు. భావన గ్రూపుకి కొత్త నియమం పెట్టింది, వీడియో బయటికి పంపాలంటే అందులో ఉన్న మనిషిని అడగాలని. దానిమీద కూడా తగువే జరుగుతోంది.

నీ వేళ్ళ గురించి నాకు చెప్పనందుకు తర్వాత పోట్లాడతాను. వచ్చే ఆదివారం సాయంత్రం గట్టు మీద నుంచి అందరం నీకు వీడియో కాల్ చేస్తాం. ఎత్తు.

కల్యాణి

*

విజయనగరం
2017 మే

కల్యాణీ,

అంతా నీకు తెలిసిందే, నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా నా వైపు నుంచి ఎలా ఉందో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఫోను వెలిగేసరికి మా ఆయన బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, దీపం నా మీద పడేలా బల్ల జరిపి, పక్కకి వెళ్ళిపోయాడు. అంతమంది మొహాలు ఒక్కసారిగా తెరలోకి దూరాయి. నేను రెండు మాటలు చెప్పానో లేదో పున్నయ్య గారు చెయ్యి అడ్డంపెట్టి, మళ్ళీ చెప్పు అన్నారు. అనుకున్నంతా అయిందనుకున్నాను. ఫోను బోర్లా పెట్టేద్దామనుకున్నాను.

అంతలో ఆయన భావనని కూడా మళ్ళీ చెప్పమన్నారు. భావన నిన్ను మళ్ళీ చెప్పమంది. నువ్వు మన బడి సైగ వాడితే ముగ్గురు కలిసి నిన్ను ఆపారు. చూస్తూ ఉండగా నాకు అర్థమయింది, అక్కడ అందరూ అందరినీ మళ్ళీ చెప్పమంటూనే ఉన్నారు. ఎవరి చేతులూ ఎవరికీ ఒక్కసారికి అందడంలేదు. దానికి ఎవరూ చిన్నబోవడంలేదు. నేనూ మళ్ళీ చెప్పాను. అందలేదన్నారు, ఇంకోలా చెప్పాను. పున్నయ్య గారు బల్ల చరిచి అర్థమైందన్నారు. ఆ తర్వాత నా చేతిని నేను చూసుకోలేదు, మీ మొహాలే చూశాను.

హాస్టల్లో నేను చెప్పే దొంగ కథ చెప్పమని నువ్వు అడిగావు. దొంగ గోడ దూకేచోట రెండు వేళ్ళు కాళ్ళలా నడవాలి కదా. ఆ రెండు వేళ్ళే నాకు లేవు. ఎడమచేత్తో నడిపించాను. దొంగ తప్పు దిక్కున దూకి పోలీసు ఇంట్లో పడ్డాడు. అది కథలో లేదు, అప్పుడే పుట్టింది. మీరంతా తెరలోంచి బయటికి పడిపోయేంతగా నవ్వారు. ప్రతి ఆదివారం ఒక కథ చెప్పమని భావన అడిగింది. సరేనన్నాను.

అసలు సంగతి తర్వాత జరిగింది.

మా ఆయనకి పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో వచ్చిన సైగలు 'తిన్నావా', 'వెళ్తున్నా', 'జాగ్రత్త'. అంతకుమించి మేమిద్దరం ఎప్పుడూ వెళ్ళలేదు. తప్పు ఆయనదొక్కడిదే కాదు, నేనూ నేర్పలేదు. వేళ్ళు పోయాక అదీ లేదు. ఆ రోజు అన్నం వడ్డిస్తుంటే కంచం పక్కకి జరిపి, ఫోను వైపు చూపించి, నవ్వినట్టు పొట్ట పట్టుకుని, అరచెయ్యి తిప్పాడు. అంతలా ఎందుకు నవ్వారని.

దొంగ కథ మొదలుపెట్టాను. ఆయనకి అర్థంకాని చోట ఆపాడు, మళ్ళీ చెప్పాను. గోడ దగ్గర పదిసార్లు ఆపి ఉంటాడు. ఆఖరికి లేచి నిలబడి, దొంగలా తనే తలుపు చాటుకి దూకి, ఇదేనా అని అడిగాడు.

అన్నం చల్లారిపోయింది. ఇద్దరిలో ఒక్కరం కూడా కంచం దగ్గరికి పోలేదు.

సాయిలక్ష్మి